తాబేలు వాలు మీద అగ్గిచేమంతులు

రూయిక్లోఫ్ మేకల మకాం,
జులై 8

తమ్ముడు నబాస్‌కి,

వానలు పడ్డాయిరా! మే నెల నుంచి ఇప్పటికి నాలుగుసార్లు కొండ తడిసింది. గుడిసె చాపలు నీళ్ళు తాగి ఉబ్బి, ఒక్క చుక్క కూడా లోపలికి రానివ్వలేదు. చెవి చిరిగిన నీ మేక కవలల్ని ఈనింది. రెండూ దాని బుద్ధే, నిన్న నా పొయ్యి మీది రొట్టె ఎత్తుకుపోయాయి. ఈ ఏడు పూలు విరగబూస్తాయని అందరూ అంటున్నారు. మూడేళ్ళ కరువు తర్వాత ఎవరికైనా ఆశే కదా.

అసలు సంగతి ఇది. మొన్న భూమి సంఘం పెద్ద ఇసాక్ మావయ్య గాడిదబండి కట్టుకుని వచ్చాడు. మూడు కప్పుల ఎర్ర టీ తాగి, నాలుగోది పోస్తుంటే అప్పుడు నోరు విప్పాడు.

"నవంబర్లో మీవోడు బయటికొస్తాడంటగా ఎల్సబీ. ఆడి పేరు ఉమ్మడి భూమి జాబితాలో ఉంచాలో కొట్టెయ్యాలో సెప్టెంబరు పద్నాలుగున తేల్చేద్దాం. ఆడు మొక్కలు తవ్వింది అవతల తెల్లదొర పొలంలోనేనని, మన ఉమ్మడి కొండ మీద చెయ్యి పెట్టలేదని నువ్వు లేచి మాటియ్యి. నీ మాట మాకు చాలు."

మన కట్టుబాటు నీకు తెలియంది కాదు. ఉమ్మడి కొండలో మొక్క దొంగతనంగా తవ్వినవాడి పేరు జాబితాలో ఉండదు. పేరు పోతే ఇక్కడ నీకు మేక ఉండదు, విత్తుకునే మడి ఉండదు, గుడిసె ఉండదు. అమ్మ కన్న చోట నువ్వు చుట్టానివి అవుతావు. నేను మాటిస్తానని చెప్పి పంపించాను. నీ మనసు కుదురుగా ఉంచుకో.

నీ అక్క
ఎల్సబీ


అపింగ్టన్ జైలు,
జులై 21

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ తెరిచి చదివాకే ఇస్తారు, కాబట్టి నీ మేకల సంగతి వార్డరుకి కూడా తెలుసు. నా గదిలో ఆరుగురం ఉన్నాం. మొదటి రోజు వీళ్ళు నన్ను చూసి ఎంత నవ్వారో నీకు చెప్పలేదు. "మొక్కలు పీకి జైలుకొచ్చావా? మేం ఇంకా మనిషి పీక కోశావనుకున్నాం!" అని ఒకడు, "బొటనవేలంత ఉంటుందా? దానికి రెండేళ్ళా?" అని ఇంకొకడు. మన కాలివేళ్ళ మొక్క ఒక్కటి ఇంత పెరగడానికి ఇరవై ఏళ్ళు పడుతుందని, విదేశాల వాళ్ళు దాన్ని వేలు పోసి కొంటారని చెప్పాను. అప్పుడు నవ్వలేదు.

మాటిస్తానన్నందుకు సంతోషం. జడ్జి ముందు నేను చెప్పిందే నువ్వూ చెప్పు. ఒక్క చోటే తవ్వాను, దొర పొలంలో.

ఒక్క సంగతి మాత్రం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నన్ను పట్టుకున్న రోజు ఆఫీసర్లు నా పికప్ బండి ఆపి, సీటు వెతకలేదు, వెనక టార్పాలిన్ ఎత్తలేదు. నేరుగా వెళ్ళి స్పేర్ టైరు విప్పారు. దాని కింద డబ్బా ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారు? మొక్కలు కొనేవాడు చెప్పడు, వాడూ ఇరుక్కుంటాడు. ముందు రెండు రోజులూ బండి నీ గుడిసె దగ్గరే ఉంది. ఆ రెండు రోజుల్లో మకాంకి ఎవరెవరు వచ్చారో గుర్తు చేసుకుని రాయి. అందరి పేర్లూ రాయి.

నబాస్


రూయిక్లోఫ్,
ఆగస్టు 13

నబాస్‌కి,

ఎవరు వచ్చారంటే ఏం చెప్పను, ఏడాదిన్నర కింద మాట. మంగళవారం కొట్టు పీటర్ పిండి బస్తా దింపడానికి వచ్చాడు. పక్క మకాం కొలంపీన్ కోడలు మజ్జిగకి వచ్చింది. ఇంకెవరూ గుర్తు లేరు. వాళ్ళు నీ టైరు కిందికి దూరి చూసే రకమా? పోనీలే అది.

పూలు వచ్చేశాయి. బస్సులు కూడా వచ్చేశాయి. పొద్దున తొమ్మిదికే దిగి, "పూలెక్కడండీ, ఏవీ?" అని అడుగుతారు. పదిన్నర దాటి ఎండ ముదిరితే గానీ అవి కళ్ళు తెరవవని చెప్పి, ఈలోగా బొగ్గుల మీద రొట్టెలు కాల్చి పెడుతున్నాను. ఎండకి వీపు పెట్టి నిలబడండి, అప్పుడు పూల మొహాలు కనిపిస్తాయి అని నువ్వు చెప్పేవాడివి. ఇప్పుడు నేను చెప్తున్నాను, నీ అంత బాగా చెప్పలేను.

నిన్న టోపీ పెట్టుకున్న ఒకావిడ రొట్టె తింటూ ఎదురుగా చూపించి, "ఆ వాలు మీద ఒక్కచోటే అంత ఎర్రగా ఉందేంటండీ? అక్కడ పొలం వేశారా?" అంది.

చూశాను నబాస్. తాబేలు వాలు మధ్యలో అగ్గిచేమంతులు మడుగు కట్టినట్టు పూశాయి. చుట్టూ ఎప్పటిలాగే తెల్లవి, పసుపువి, ఊదావి అక్కడొకటి ఇక్కడొకటి. ఆ ఒక్క మేర మాత్రం అగ్గిచేమంతి తప్ప ఇంకో పువ్వు లేదు.

అవి అలా కుప్పగా పూసేది కదిలిన నేల మీదే. నాగలి పెట్టి వదిలేసిన మళ్ళలో చూడలేదూ! ఎవరూ ముట్టని నేల మీద అవి అలా రావు. తాబేలు వాలు మీద మన తాతల నాటి నుంచి నాగలి పడలేదు. కాలివేళ్ళ మొక్కలు ఆ వైపు కూడా ఉంటాయి. మరి అక్కడ నేల ఎవరు కదిలించారు? నీకేమైనా తెలుసా?

అక్క


అపింగ్టన్,
ఆగస్టు 24

అక్కా,

నన్ను పోలీసు అడిగాడు, చెప్పాను. జడ్జి అడిగాడు, చెప్పాను. ఇప్పుడు నువ్వు మూడో కోర్టు పెట్టావా? ఒక్క చోటే తవ్వాను అన్నాను. ఆ మాట నీకు చాలకపోతే, పూలనే సాక్షికి పిలుచుకో.

నీ సంగతి చూద్దాం. పీటర్ మంగళవారం వచ్చాడన్నావు. మంగళవారం బండితో నేను గారీస్‌లో ఉన్నాను, బుధ, గురువారాల్లోనే బండి నీ దగ్గర ఉంది. కొలంపీన్ కోడలు అప్పటికి పురిటికి పుట్టింటికి వెళ్ళిపోయింది, మనిద్దరం కలిసే ఆవిడని సాగనంపాం. నువ్వు రాసిన ఇద్దరూ ఆ రోజుల్లో అక్కడ లేరు. ఇంకెవరో ఉన్నారు. నీకు గుర్తు రావడం లేదా, చెప్పడం ఇష్టం లేదా?

నబాస్


రూయిక్లోఫ్,
సెప్టెంబరు 3

నబాస్‌కి,

నా జ్ఞాపకశక్తి సంగతి తర్వాత. నేను అడిగినదానికి నువ్వు ఔనని గానీ కాదని గానీ రాయలేదు. పూలని సాక్షికి పిలుచుకోమన్నావు. తప్పు చెయ్యనివాడు అంత వంకరగా మాట్లాడడు. చిన్నప్పుడు చక్కెర దొంగిలించినా ఇలాగే, "నన్నే అంటారు మీరంతా" అని ముందు నువ్వే అరిచేవాడివి.

రోజూ పదిన్నరకి ఆ ఎరుపు నా ఎదురుగా తెరుచుకుంటోంది. సాయంత్రం ముడుచుకున్నాక కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను. దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. వెళ్తే నా అడుగుల జాడ చూసి, తమ్ముడి గుంటలు పూడ్చడానికి వెళ్ళిందంటారని భయం. నేనొక్కదాన్నే చూస్తున్నానని అనుకోకు. ఆదివారం చర్చి ముందు పీటర్ అందరూ వింటుండగా, "ఏం ఎల్సబీ, ఈ ఏడు తాబేలు వాలు మీద గోధుమలు చల్లారా?" అన్నాడు. నవ్వారు. ఇసాక్ మావయ్య నవ్వలేదు. ఆ వైపే చూస్తూ నిలబడ్డాడు.

పద్నాలుగున నేను లేచి నిలబడాలి. చర్చిలో నా పక్కన నిలబడే మనుషుల ముందు అబద్ధం చెప్పలేను, నీ కోసం కూడా. నువ్వు తవ్వలేదంటే ఆ నేల ఎలా కదిలిందో రాయి. తవ్వితే తవ్వానని రాయి. పద్నాలుగు లోపు ఏదో ఒకటి రాయి.

అక్క


అపింగ్టన్,
సెప్టెంబరు 10

అక్కా,

నీ ఉత్తరం ఈ రోజే చేతికిచ్చారు. ఇది నీకు పద్నాలుగు లోపు అందుతుందో లేదో తెలియదు.

రెండేళ్ళ కింద నీ కాలు విరిగి స్ప్రింగ్‌బోక్ ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నావు, గుర్తుందా? మందని నాకు అప్పగించి వెళ్ళావు. నువ్వు వచ్చి చూసి నాలుగు మేకలు తక్కువున్నాయంటే, విషపు మొక్క తిని చచ్చాయని చెప్పాను. తినలేదు. చిరుత పట్టుకుపోయింది. అది దొడ్డిలో దూరినప్పుడు నేను మకాంలో లేను, కొలంపీన్ ఇంటి పెళ్ళిలో డాన్స్ ఆడుతున్నాను. మర్నాడు వచ్చి చూస్తే దొడ్డంతా నెత్తురు. సిగ్గు వేసింది. మిగిలిన మందని తోలుకుని తాబేలు వాలు మధ్యకి వెళ్ళాను. అక్కడైతే నాలుగు వైపులా కనిపిస్తుంది. ముళ్ళకంపతో గుండ్రంగా దొడ్డి కట్టి, నువ్వు వచ్చేదాకా రెండు నెలలు అక్కడే కాపలా కాశాను. నువ్వు వస్తున్నావని తెలిసి మందని కిందికి దింపి కంప తగలబెట్టేశాను.

అన్ని మేకలు రెండు నెలలు తొక్కితే నేల కదలదా? నాగలే కావాలా? తవ్విన చోట అయితే పూలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. దొడ్డి అయితే గుండ్రంగా వస్తుంది. ఒక్కసారి దగ్గరికి వెళ్ళి, పూలు పక్కకి తీసి, చేత్తో గీకి చూడు. పెంటికలు కనిపిస్తాయి.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు పోలీసులాగా అడిగావు. వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేసింది. నా అక్క అడగకుండానే నమ్ముతుందనుకున్నాను.

నబాస్


రూయిక్లోఫ్,
సెప్టెంబరు 15

నబాస్‌కి,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. శుక్రవారం పోస్టు బండి కోసం కొట్టు ముందు చీకటి పడేదాకా కూర్చున్నాను.

నిన్న సమావేశంలో లేచి నిలబడి, "నా తమ్ముడి గురించి నేను మాటియ్యలేను" అన్నాను. ఇసాక్ మావయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "సరేనమ్మా, కూర్చో" అన్నాడు. నెలాఖరు సమావేశంలో పేరు కొట్టేస్తారు.

ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నీ మీద కోపంతోనో, జాలితోనో నాకే తెలియలేదు.

అక్క


రూయిక్లోఫ్,
సెప్టెంబరు 29

నా నబాస్‌కి,

పదో తేదీన నువ్వు రాసింది ఇరవయ్యో తేదీన వచ్చింది. కొట్టు దగ్గరే నిలబడి చదివాను. పిండి అక్కడే వదిలేసి తాబేలు వాలు ఎక్కాను.

గుండ్రంగానే ఉందిరా. దూరం నుంచి చూస్తూ నెల రోజులు కడుపు మండించుకున్న దద్దమ్మని, ఒక్కసారి దగ్గరికి వెళ్ళి చూడలేకపోయాను. పూలు పక్కకి తీసి గీకితే వేలెడు లోతున పెంటికలు, మెత్తగా, నల్లగా. అంచు చుట్టూ కాలిన కంప బొగ్గు. ఆప్రాన్ నిండా ఎత్తుకున్నాను.

నెలాఖరు సమావేశంలో వాళ్ళు నీ పేరు చదవకముందే వెళ్ళి ఆ మూట బల్ల మీద కుమ్మరించాను. పీటర్ ముక్కు మూసుకుని, "ఇదేంటమ్మా, మేం టీ తాగే బల్ల!" అని గోల. ఇసాక్ మావయ్య మాత్రం రెండు పెంటికలు వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, "రెండు శీతాకాలాల నాటివి. మేక పెంటికలే, ఇందులో మాయ ఏం లేదు" అన్నాడు. చిరుత సంగతి చెప్పాను. పెళ్ళిలో నీ డాన్స్ కొలంపీన్‌కి ఇంకా గుర్తుందట, బాగా నవ్వాడు. అప్పుడు నేను లేచి, "ఉమ్మడి కొండలో నా తమ్ముడు ఒక్క మొక్క కూడా పీకలేదు. ఈ మాట నాది" అన్నాను. నీ పేరు ఉంచారు. చేతులెత్తి ఉంచారు, ఒక్కడు కూడా కాదనలేదు.

ఇక నువ్వు అడిగినది. బుధ, గురువారాల్లో మకాంకి ఎవరూ రాలేదు. ఫోన్ చేసింది నేను. టైరు దగ్గర మట్టి రాలి ఉంటే చేత్తో తడిమి, టైరు విప్పి చూశాను. డబ్బాలో మన కాలివేళ్ళ మొక్కలు, వరసలు వరసలుగా, వేర్లకి తడి కాగితం చుట్టి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. గుట్ట ఎక్కి సిగ్నల్ దొరికిన చోట నిలబడి, మొక్కల దొంగల సంగతి చెప్పమని కొట్టు గోడ మీద రాసిన నంబరుకి చేశాను. మందలించి, మొక్కలు తీసుకుని వదిలేస్తారనుకున్నాను. రెండేళ్ళు వేస్తారని తెలియదు. తెలిస్తే చేసేదాన్ని కాదేమో. చేసేదాన్నేమో కూడా. కోర్టులో నీకు దుప్పటి తెచ్చిచ్చింది కూడా ఈ చేతులే, అప్పుడు నీ కళ్ళలోకి చూడలేకపోయాను.

పీటర్ పేరు, ఆ కోడలి పేరు రాసి నిన్ను తప్పుదోవ పట్టించాను. ఇది చదివాక నాతో మాట్లాడకపోయినా నేను ఏమీ అనుకోను. నీ చోటు నీకు ఉంది, అది చాలు.

అక్క


అపింగ్టన్,
అక్టోబరు 9

అక్కా,

ఫోన్ చేసింది నువ్వేనని నాకు మొదటి రోజు నుంచే అనుమానం. ఆ టైరు తీయాలంటే ముందు కింది కొక్కెం వదులు చేయాలి. అది నేను నీకు ఒక్కదానికే చూపించాను. నువ్వు ఒప్పుకోవని కూడా అనుకున్నాను. నిజం చెప్తున్నాను, నువ్వు ఒప్పుకోకుండా ఉంటే నాకు హాయిగా ఉండేది. అక్క అబద్ధం ఆడుతోంది, నేనూ ఆడితే తప్పేంటి అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను.

తాబేలు వాలు మీద నేను ఏమీ తవ్వలేదు. ఆ రాసిందంతా నిజం. కానీ తెల్లరాళ్ళ గుట్ట మీద తవ్వాను. మన కొండలోనే, అమ్మ సమాధికి అవతల. ఒక్క మధ్యాహ్నం, స్క్రూడ్రైవరుతో. డబ్బాలో నువ్వు చూసినవాటిలో సగం అక్కడివే. అక్కడ అంతా తెల్లరాళ్ళే, మట్టి లేదు, అగ్గిచేమంతి మొలవదు. ఎన్ని వానలు పడినా ఆ చోటు నన్ను పట్టివ్వదని నాకు తెలుసు. అందుకే పూలని సాక్షికి పిలుచుకోమని అంత పొగరుగా రాయగలిగాను.

నువ్వు పెంటికల మూట మోసుకెళ్ళి, "ఈ మాట నాది" అన్నావని చదివాను. రెండు రోజులు అన్నం సహించలేదు. గదిలో వాళ్ళు జ్వరమేమో అనుకున్నారు.

ఇదే సంగతి ఇసాక్ మావయ్యకి కూడా ఈ రోజు పోస్టులోనే రాశాను. నీకు ఏమీ తెలియదని, నన్ను నమ్మి మాటిచ్చావని రాశాను. ముందు ఇది చదివే వార్డరు ఇంకెవరికి చెప్తాడో చెప్పనీ. జాబితాలో పేరు ఉండదని తెలుసు. బయటికొచ్చాక ఎటు వెళ్ళాలో ఇంకా ఆలోచించలేదు. నా కోసం బస్సు దగ్గరికి రావద్దు.

నబాస్


రూయిక్లోఫ్,
అక్టోబరు 25

నబాస్‌కి,

శనివారం నీ పేరు కొట్టేశారు. ఇసాక్ మావయ్య నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. నేను తలొంచుకుని కూర్చున్నాను. నా మాట ఇచ్చిన చోటే నా మాట పోయింది, ఇక చర్చిలో నా పక్కన ఎవరు కూర్చుంటారో చూడాలి. ఇంకో కేసు పెడతారో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

తెల్లరాళ్ళ గుట్టకి వెళ్ళాను. రాళ్ళ సందుల్లో వేలు పట్టేంత గుంటలు, లెక్కపెట్టడం మానేశాను. చిన్నప్పుడు అమ్మ మనల్ని అక్కడ చెప్పులు విప్పి నడిపించేది, మొక్కలు నలుగుతాయని. నీకు గుర్తులేదా? గుర్తుండే తవ్వావా? నిన్ను అక్కడే నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. ఆ కోపం ఇంకా పోలేదు, ఉత్తరంలో పోయేది కాదు.

సమావేశం అయ్యాక అందరూ లేస్తుంటే నేను ఇసాక్ మావయ్యని ఆపి, మందకి కాపరి కావాలి, కాలు ఇప్పుడు సహకరించడం లేదు, కాగితం ఇవ్వమన్నాను. కాపరికి జాబితాలో పేరు అక్కర్లేదు, మంద సొంతదారు పూచీ మీద వాళ్ళ గుడిసెలోనే ఉంటాడు. ఆయన కాగితం ఇచ్చాడు. కాపరి పేరు అన్నచోట నేను రాసింది చదివి, నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆలోచించుకో ఎల్సబీ. ఆడు మళ్ళీ కొండ మీద మేకు గుచ్చాడంటే, ఈసారి పోయేది నీ పేరు. నీ మంద, నీ మడి, నీ గుడిసె, అన్నీ పోతాయ్."

"తెలుసు మావయ్యా, ముద్ర వెయ్యి" అన్నాను.

వేశాడు.

నువ్వు రావద్దన్నా, నిన్ను వదిలే రోజు, నవంబరు పద్నాలుగున బస్సు దగ్గర నేను ఉంటాను. మేకల్ని ఎటు తోలాలో రోజూ పొద్దున నేను చెప్తాను, అటే తోలు. తెల్లరాళ్ళ వైపు మాత్రం నేనే వెళ్తాను, నువ్వు వెళ్ళకూడదు.

నీ అక్క
ఎల్సబీ